టార్పాలిన్ కింద మాష్టారు

ఆ శుక్రవారం మాష్టారి ప్లాను చాలా చిన్నది. పొద్దున ఆరింటికల్లా మైదానానికి చేరడం, పదకొండింటికి సర్వేయర్ వచ్చేలోగా విమానం ఒళ్ళంతా నాణెంతో తట్టి చూడడం, ఆ తర్వాత ఇంటికి పోయి శుభ్రంగా భోంచేసి పడుకోవడం. ఇందులో చచ్చిపోవడం ఎక్కడా లేదు.

మాష్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాష్టారు కాదు. ఊరి చివర చిన్న విమానాల మైదానంలో ఇరవై ఆరేళ్ళుగా జనానికి ఎగరడం నేర్పుతున్న మనిషి. ఆయన బడి మొత్తం ఒకే ఒక్క విమానం. చెక్కా జిగురూ కలిపి చేసిన పాతకాలపు విమానం, ఇద్దరు ఒద్దికగా కూర్చుంటే సరిపోతుంది. మొన్న సాయంత్రం వచ్చిన గాలివాన దాని కట్టుతాళ్ళు తెంపి, ఒక చుట్టు తిప్పి, విమానాలు పెట్టే హ్యాంగర్ స్తంభానికి కొట్టింది. ఎడమ చక్రం కాలు వంగిపోయింది. ఎడమ రెక్క వెనక అంచున పైకీ కిందికీ ఊగే పలక ఒకటుంటుంది, ఎయిలరాన్ అంటారు, అది నాలుగు ముక్కలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, విమానాన్ని పైకెత్తే జాకీ ఉన్న షెడ్డు మీద చెట్టు కూలింది.

ఇన్సూరెన్స్ సర్వేయర్ ఫొటోలు చూసి ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేశాడు. "రెక్కల పొడవునా లోపల సాగే దూలం బాగుండాలి. విడిభాగాలు చేతిలో ఉండాలి. రెండూ ఉంటే బాగుచేయిస్తాం. ఏ ఒక్కటి లేకపోయినా తుక్కు కింద రాసేస్తాను. శుక్రవారం ఫైలు మూసేస్తున్నాను." ఆయన చేతిలో పడ్డాక బతికి బట్టకట్టిన విమానం లేదని మైదానంలో ప్రతీతి. విమానం తుక్కయితే బడి మూతపడుతుంది. మాష్టారికి ఇంకో పని రాదు, వచ్చినా చేసే మనిషి కాదు.

దూలం సంగతి నాణెం తేలుస్తుంది. జిగురు పట్టు గట్టిగా ఉన్నచోట తడితే "టక్" మంటుంది, లోపల ఊడినచోట "దబ్" మంటుంది. చిక్కంతా విడిభాగాలతోనే. ఆ విమానాలు చేసే ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. చుట్టుపక్కల అలాంటిది ఇంకొక్కటే ఉంది. ఇంజను చచ్చి, మిగతా ఒళ్ళంతా భేషుగ్గా, మాష్టారి బావమరిది షెడ్డులో దుమ్ము తింటోంది.

బావా బావమరుదులు తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. పెళ్ళికి ముందునుంచీ స్నేహితులు, కలిసి ఎగరడం నేర్చుకుని, ఒకే రోజు ఒకేలాంటి విమానాలు కొనుక్కున్నవాళ్ళు. తొమ్మిదేళ్ళ కింద బావమరిది నలుగురి ముందూ కొంచెం గట్టిగా నేలకు దిగితే, మాష్టారు అదే నలుగురి ముందూ, "దాన్ని దిగడం అనరు, పడడం అంటారు" అన్నారు. ఆస్తి తగాదాలైనా చల్లారతాయిగానీ ఇలాంటివి చల్లారవు.

"ఒక్కసారి ఫోన్ చేయండి. వాడు కాదనడు," అని మాష్టారి భార్య రెండు రోజులుగా చెబుతూనే ఉంది.

"చచ్చినా చేయను," అన్నారు మాష్టారు.

నాణెం మాట వినాలంటే చుట్టూ నిశ్శబ్దం ఉండాలి. మాష్టారు అట్టముక్క మీద "నిశ్శబ్దం పాటించండి" అని నల్లరంగుతో పెద్దపెద్ద అక్షరాలు రాసి గేటుకు వేలాడదీశారు. క్యాంటీన్‌కు వెళ్ళి, మధ్యాహ్నం దాకా రేడియో, మిక్సీ ఆపేయమని క్యాంటీన్ ఆవిడను బతిమాలారు. కారణం చెప్పబోయేలోపు టీ పొంగింది, ఆవిడ లోపలికి పరిగెత్తింది. ఆ ఒక్క పొంగు వల్ల ఎంత జరిగిందో తర్వాత అందరూ లెక్కలు కట్టారు.

మాష్టారు విమానం పొట్ట కింద ఇసుక బస్తాలు పేర్చి, గాలి హోరు వినపడకుండా పైనుంచి నేలదాకా టార్పాలిన్ కప్పించి, వెల్లకిలా లోపలికి దూరారు. బయటికి కనిపించేవి పాదాలు మాత్రమే. ఆయన కళ్ళు మూసుకుని చెవి చెక్కకు ఆనించి తడుతుంటే, భార్య బయట కూర్చుని కాగితం మీద గుర్తులు పెడుతోంది. అంతకుముందు గంటసేపు రెక్క మీది పాత రంగు గీకింది కూడా ఆవిడే. ఆ దుమ్ము కళ్ళలో పడి, ఎర్రబడి, నీళ్ళు ధారగా కారుతున్నాయి.

తొమ్మిదింటికి క్యాంటీన్ ఆవిడ టీ పళ్ళెంతో వచ్చింది. టార్పాలిన్ చూసింది. కదలని పాదాలు చూసింది. మాష్టారి భార్య కళ్ళు చూసింది.

మాష్టారి భార్య పెదవుల మీద వేలు పెట్టి, గుసగుసగా, "చప్పుడు చేయకమ్మా," అంది.

"ఎప్పుడమ్మా ఇది?"

"ఏడింటి నుంచీ ఇలాగే."

"మరి బయటికి తీయరా?"

"పదకొండింటికి సర్వేయర్ వచ్చి చూడాలి. అప్పటిదాకా ఎవ్వరూ ముట్టుకోకూడదట."

"ఎంత ధైర్యమమ్మా నీకు," అని క్యాంటీన్ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది. టీ కూడా ఇవ్వలేదు. ఇదేమిటో మాష్టారి భార్యకు అర్థం కాలేదుగానీ, కళ్ళ మంట ముందు అదేమంత పెద్ద విషయం కాదు. కళ్ళు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయింది.

క్యాంటీన్ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ ఫోన్లో మాష్టారి పాత శిష్యుల గ్రూపు ఒకటుంది, రెండువందల పైచిలుకు మంది. "మాష్టారు ఇక లేరు. విమానం కిందే ఉన్నారు. సర్వేయర్ వచ్చాక తీస్తారట" అని పెట్టింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనేవాళ్ళకు గ్రూపుల్లో కొదవేముంది? పది నిమిషాల్లో మాష్టారు విమానాన్ని కాపాడబోయి రెక్క కింద పడ్డారు. ఇంకో పది నిమిషాలకు గాలివానలోనే ఎగిరి కూలిపోయారు. తొమ్మిదిన్నరకు ఆయన ఆఖరి మాటలు కూడా ఎవరో రాశారు, చాలా బాగున్నాయి.

పదింటికి జనం రావడం మొదలైంది. గేటు మీద అట్ట చూసి తలలు వంచుకున్నారు. తడిసిన గడ్డి మీద అడుగుల చప్పుడు లేదు. విమానం చుట్టూ నలభై మంది చేరినా, చెవి చెక్కకు అప్పగించేసిన మాష్టారికి చీమ చిటుక్కుమన్నట్టు కూడా తెలియలేదు. ఆయన దూలం మొదట్నుంచి చివరిదాకా వచ్చేస్తున్నారు. టక్. టక్. టక్. ఇన్నేళ్ళలో ఏ సంగీతమూ ఆయన చెవికి ఇంత ఇంపుగా అనిపించలేదు.

కళ్ళు కడుక్కుని వచ్చిన భార్య జనాన్ని చూసి ఉబ్బిపోయింది. ఒక పాత విమానం మీద ఇంత ప్రేమా అనుకుంది. ఒక శిష్యురాలు దగ్గరకొచ్చి చేతులు పట్టుకుంది.

"ధైర్యంగా ఉండండి అమ్మగారూ," అంది గుసగుసగా.

"నాకేం ఫర్వాలేదమ్మా. ఇంకా ఆశ ఉంది."

శిష్యురాలు పక్కవాళ్ళ మొహం చూసింది.

"కాలు ఒకటి వంగింది, అంతే. పాత కాలు ఎక్కడైనా దొరికితే పీకి దీనికి బిగించేయొచ్చు," అని ధైర్యం చెప్పింది మాష్టారి భార్య. "మరీ కుదరకపోతే తుక్కు కింద అమ్మేస్తాం. ఏం చేస్తాం, పాతబడిపోయింది కదా."

జనం రెండడుగులు వెనక్కి వేశారు. పాపం, పిచ్చిదైపోయింది అనుకున్నారు.

అప్పుడొచ్చాడు బావమరిది. భారీ మనిషి, ఆ ఒంటికి తగ్గ గొంతు. గేటు మీది అట్ట ఆయన్ని ఆపలేకపోయింది. అక్క నోరు తెరిచేలోపు ఆవిడను దాటుకుని పోయి, పాదాల ముందు కూలబడ్డాడు.

"బావా," అన్నాడు. హ్యాంగర్ రేకులు మారుమోగాయి. "ఆ రోజు నేను దిగలేదు బావా. పడ్డాను. నువ్వన్నదే నిజం. తెలిసే తొమ్మిదేళ్ళు మొహం చాటేశాను."

టార్పాలిన్ కింద మాష్టారు కళ్ళు తెరిచారు. బయటికి రాబోయారు. రావలసిందే, పెద్దమనిషి లక్షణం అదే. కానీ తొమ్మిదేళ్ళుగా ఎదురుచూసిన మాట చెవినపడుతుంటే మధ్యలో లేచేంత పెద్దమనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

"గాలివాన సంగతి తెలిసి కూడా రాలేదు బావా. నా షెడ్డులో అంతా పెట్టుకుని రాలేదు. ఎవరికోసం దాచాను? అంతా నీదే. ప్రొపెల్లర్ నీది. చక్రాల కాళ్ళు రెండూ నీవే. తోక నీది. సీట్లు నీవే."

అక్కడ ఆగి వెక్కివెక్కి ఏడ్చాడు. జనం కూడా ముక్కులు చీదారు. మాష్టారు ఊపిరి బిగబట్టి వేచి చూశారు. జాబితా ముందుకు కదల్లేదు. ఇక ఉండబట్టలేకపోయారు.

"ఎడమ ఎయిలరాన్?" అంది టార్పాలిన్.

"అదీ నీదే బావా," అన్నాడు బావమరిది ఏడుస్తూనే. తర్వాత ఏడుపు ఆపేశాడు.

పాదాలు కదిలాయి. పాదాల వెనక ప్యాంటు, ప్యాంటు వెనక మాష్టారు బయటికొచ్చి, జుట్టులోంచి గడ్డి తీసుకుంటూ నిలబడ్డారు. నలుగురైదుగురు గేటు దాకా పరిగెత్తారు. క్యాంటీన్ ఆవిడ జనానికని తెచ్చిన టీ పళ్ళెం మీదే చతికిలబడింది.

"దూలానికి ఢోకా లేదు," అన్నారు మాష్టారు భార్యతో. తర్వాత చుట్టూ చూశారు. "వీళ్ళంతా ఎందుకొచ్చారు?"

సంగతి విడమరిచి తెలిసేసరికి అయిదు నిమిషాలు పట్టింది. మాష్టారి భార్య మొహం ఎర్రబడింది. "అంటే నేను తుక్కు కింద అమ్మేస్తానన్నది ఈయన్నా?" అంది.

బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. దుఃఖం పోయిన చోట తొమ్మిదేళ్ళ పౌరుషం మళ్ళీ వచ్చి కూర్చుంది. "నేను మాటిచ్చింది పోయినవాడికి. ఉన్నవాడికి కాదు," అన్నాడు.

దూలం బాగుండి ఏం లాభం, రెండోది చేతిదాకా వచ్చి జారిపోతోంది అనుకున్నారు మాష్టారు.

అప్పుడు జనంలోంచి చేతిలో ఫైలుతో ఒక సన్నటి మనిషి ముందుకొచ్చాడు. "నేను సర్వేయర్ని. కాస్త ముందుగా వచ్చాను. అందరూ తల దించుకుంటే నేనూ దించుకున్నాను," అన్నాడు. "మీరు చెప్పిన భాగాలన్నీ రాసేసుకున్నాను. విడిభాగాలు లభ్యం. సాక్షులు నలభై మంది. వద్దంటే కొట్టేస్తాను. కానీ ఫారంలో కారణం రాయాలి. ఏమని రాయమంటారు? బావగారు బతికున్నందుకని రాయనా?"

నలభై మందీ బావమరిది వైపు చూశారు. అందరికన్నా గట్టిగా చూసింది అక్క.

"వద్దులెండి," అన్నాడు బావమరిది. "ఉన్నది ఉన్నట్టే ఉండనీయండి."

అయితే సర్వేయర్ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. దూలం మాట తన చెవులతో తనే వినాలన్నాడు, అదీ విమానం సమంగా నిలబడితేనే అన్నాడు. జాకీ చెట్టు కింద ఉందని మాష్టారు చెప్పేలోపే, పాత శిష్యులు చొక్కా చేతులు పైకి మడిచారు. మోయడానికే కదా వచ్చాం అన్నారెవరో. పది మంది తోక దగ్గర, పాతిక మంది ఒరిగిన రెక్క కింద, ఆ రెక్క మొదట్లో, బరువంతా పడేచోట బావమరిది. "ఒకటి, రెండు" అన్నారు మాష్టారు, పాఠం చెప్పే గొంతుతో. విమానం లేచింది. వంగిన కాలు గాల్లో వేలాడింది. గాలివాన తర్వాత మొదటిసారి రెక్కలు రెండూ తిన్నగా నిలిచాయి.

సర్వేయర్ తెల్లచొక్కాతోనే కిందికి దూరి నాణెం తీశాడు. టక్. టక్. టక్. రెక్క మొదటికొచ్చేసరికి, దబ్.

సర్వేయర్ మళ్ళీ తట్టాడు. దబ్. చెక్కకు అవతలి వైపు ఏముందో తొంగి చూశాడు. "మీ పొట్ట కాస్త వెనక్కి తీయండి," అన్నాడు బావమరిదితో.

బావమరిది పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. టక్.

"మరమ్మతు చేయవచ్చు" అని సర్వేయర్ రాసి సంతకం పెట్టాడు. మైదానం హోరెత్తిపోయింది. ఆ సంతోషంలో విమానం ఎత్తి పట్టుకున్న సంగతి మర్చిపోబోతే మాష్టారి భార్య గదమాయించి మెల్లగా బస్తాల మీదికి దింపించింది. మాష్టారు బావమరిది పక్కకు వెళ్ళి నిలబడి, ఎటో చూస్తూ, "ఆ రోజు అడ్డగాలి కూడా ఉందిలేరా," అన్నారు. "ఉంది బావా," అన్నాడు బావమరిది. దాంతో తొమ్మిదేళ్ళ పంచాయతీ ముగిసింది.

మూడు వారాలు ఇద్దరూ పొద్దున్నించి సాయంత్రం దాకా జిగురు చేతులతో పోట్లాడుకుంటూ పనిచేశారు. తనిఖీ చేసే ఇంజనీరు వచ్చి ప్రతి బోల్టూ లాగి చూసి సరేనన్నాడు. నాలుగో ఆదివారం మాష్టారు, పక్కన బావమరిది కూర్చుని విమానాన్ని పైకి లేపారు. మైదానం చుట్టూ మూడు చుట్లు తిరిగారు. కింద నలభై మందీ చేతులెత్తి ఊపారు. అందులో ఆరుగురు మళ్ళీ బళ్ళో చేరతామని ఆ రోజే పేర్లు రాయించారు. దిగుతుంటే మాష్టారికి ఒళ్ళంతా ఇరవయ్యేళ్ళు తగ్గినట్టనిపించింది.

సరిగ్గా అప్పుడే, చాలా దూరం నుంచి ప్రయాణం చేసి, ఒక పాత శిష్యుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, పెద్ద పూలదండతో గేటు లోపలికొచ్చాడు. విమానంలోంచి నవ్వుతూ దిగుతున్న మనిషిని చూసి కొయ్యబారిపోయి, క్యాంటీన్ ఆవిడను అడిగాడు, ఆయనెవరని.

ఆ కథ మొదట్నుంచీ చెప్పి చెప్పి ఆవిడ నోరు నొప్పి పుట్టి ఉంది.

"మాష్టారి తమ్ముడు," అంది.