ఎవరి మీదా భారం పడని రోజు

వాతావరణ కేంద్రంలోని కంప్యూటర్లన్నీ సమానత్వం సాధించాయి. డైరెక్టరుగారు టీ వేళకు ఈ విజయాన్ని ప్రకటించారు. అప్పటికి వాన ఇంకా మొదలు కాలేదు.

పద్ధతి సులభం. ఆకాశాన్ని ముక్కలు చేసి కంప్యూటర్లకు తలా ఒకటి ఇస్తారు. అన్నీ లెక్క ముగిస్తే వాన పడేదీ లేనిదీ తెలుస్తుంది. ముక్కలు సమానం కనుక పనీ సమానమేనని నియమావళి. ఆ నియమావళి కాపీ మబ్బుకు అందినట్టు లేదు. నీలాకాశం వాటాకు వచ్చిన కంప్యూటర్లు చిటికెలో ముగించి కూర్చున్నాయి. మబ్బు మొత్తం పదిహేడో కంప్యూటరు నెత్తిన పడింది.

పనులు పంచే ప్రోగ్రాము ఈ అన్యాయాన్ని గుర్తించి, మబ్బును ఖాళీగా ఉన్న పద్దెనిమిదోదానికి బదిలీ చేసింది. మబ్బు చేరగానే అందరికంటే ఎక్కువ భారం పద్దెనిమిదోదానిదేనని తేలింది. మళ్లీ బదిలీ. ఎక్కడికి వెళ్లినా మూట విప్పేలోపే ఉత్తర్వు వచ్చింది. మూట కట్టి విప్పే సమయం ఎవరి పనిలో కలపాలో తేలనందున ఎవరి పనిలోనూ కలపలేదు.

వాన కబురు చెప్పే అధికారిణికి ఇటుకల బట్టీ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పచ్చి ఇటుకలు పరిచాను. పట్టాలు కప్పమంటావా? కప్పితే ఆరవు, కప్పకపోతే కరుగుతాయి."

"ఆగరా, మబ్బు ఇంకా తిరుగుతోంది."

"తిరగడమేంటక్కా, నా నెత్తి మీదే ఉంది!"

"నీకు కనిపించేది లెక్కలోకి రాదురా."

ఆమె డైరెక్టరుగారి గదికి పరుగెత్తింది. "సార్, ఆ ముక్కను ఒక్కచోట కుదురుగా ఉండనిస్తే చాలు."

ఆయన లేచి నిలబడ్డారు. "ఒకటి చాకిరీ చేస్తుంటే మిగతావి చూస్తూ కూర్చోవాలా? నేనున్నంతకాలం ఈ కేంద్రంలో ఏ యంత్రమూ పని భారంతో కుంగదు!"

సిబ్బంది చప్పట్లు కొట్టారు. కిటికీ మీద పడ్డ చినుకుల శబ్దం వాటిలో కలిసిపోయింది.

ఫోన్ మళ్లీ మోగింది. "అక్కా, ఇటుకలన్నీ బురదే."

"ఏం చేయనురా. ఇక్కడ ఎవరి మీదా భారం పడలేదు."

"అవును, అంతా నా మీదే పడింది."

తప్పెవరిదో తేల్చడానికి విచారణ మొదలైంది. ఆ ప్రశ్న ఏ విభాగానికి చేరినా అక్కడ భారం పెరుగుతున్నందున, ఖాళీగా ఉన్నవారికి బదిలీ చేస్తున్నారు. మీరు ఇంతవరకూ చదివారు కనుక ఖాళీగా ఉన్నట్టే లెక్క. ప్రశ్న మీకు పంపించారు. పక్కవారిని చూస్తున్నారా? మంచిది. పద్ధతి మీకూ తెలుసు.