గుబురయ్య కాపాడిన రాక్షసగుళ్లు

ఒక పెద్ద అడవిలో, వాగు అవతలి మెట్ట మీద, చుట్టూ బండలు నిలబెట్టిన మట్టిదిబ్బలు ఉండేవి. ఏనాటి జంతువులో తమవాళ్లను పాతిపెట్టుకున్న చోటు అది. అందరూ వాటిని రాక్షసగుళ్లు అనేవారు. లోపల రాక్షసులు నిద్రపోతున్నారన్న భయంతో ఎవరూ ఆ ఛాయలకు పోయేవారు కాదు.

ఎలుగుబంటి గుబురయ్యకు పదవి లేక ఒళ్లంతా దురదగా ఉండేది. ఆయనే దిబ్బల పరిరక్షణ సంఘం పెట్టాడు. ఆయనే అధ్యక్షుడయ్యాడు. దండ కూడా ఆయనే వేసుకున్నాడు.

"వాటికిప్పుడేం ముప్పొచ్చింది నాయనా?" అంది ముసలి తాబేలు నాంచారమ్మ.

"రక్షణ లేదు కదమ్మా! అదే ముప్పు."

ప్రారంభ సభలో గుబురయ్య గొంతు సవరించుకున్నాడు. "సోదరులారా! రాక్షసులూ లేరు, గాడిదగుడ్డూ లేదు. లోపలున్నవి మన పూర్వీకుల ఎముకలు, కుండలు, రాగి కడియాలు. నిర్భయంగా వచ్చి చూడండి!"

చప్పట్లు మోగాయి. తన ప్రసంగానికి తన కళ్లే చెమర్చాయి.

నిర్భయంగానే వచ్చారు. అడవిపంది చెంచయ్య సంసారంతో సహా దిగి, కుండల కోసం ముట్టెతో పెళ్లగించాడు. ఏదుపందులు బొరియలు తవ్వుకున్నాయి. కోతులు కడియాలు తొడుక్కుని ఊరేగాయి.

"ఆగండి! అది మన వారసత్వం!" అని గుబురయ్య పరుగెత్తుకొచ్చాడు.

"మనదని తమరు చెప్పబట్టే తీసుకుంటున్నామండీ," అన్నాడు చెంచయ్య వినయంగా.

గుబురయ్యకు వేరే దారి తోచలేదు. ఒక గోతిలో దూరి, "హూఁ! నేను రాక్షసుణ్ణి! నా నిద్ర చెడగొట్టిందెవడు?" అని గర్జించాడు.

చెంచయ్య లోపలికి తొంగిచూశాడు. "అధ్యక్షులవారూ, రాక్షసులు లేరని తమరే కదా సెలవిచ్చారు. పాపం, గొంతు బొంగురుపోయింది. కాస్త తేనె పుచ్చుకోండి."

అంత బాగా చెప్పానా అని గుబురయ్యకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనూ కొంచెం గర్వం లేకపోలేదు.

అప్పటికే మెట్టంతా గుంతలు. తల వంచుకుని ఇంటిదారి పట్టాడు. వాగు మలుపులో, ముళ్లపొదల మాటున, ఇంకో దిబ్బ కనిపించింది. బండ ఒక్కటీ కదల్లేదు. ముళ్లకు బద్ధకించి అధ్యక్షుడు అటువైపు ఏనాడూ తనిఖీకి పోలేదు మరి.

వెనకాలే వస్తున్న చెంచయ్య ఆగాడు. "అదేంటండీ? అదీ పాతదేనా?"

గుబురయ్య నాలుక మీదికి ప్రసంగం వచ్చేసింది. బలవంతాన మింగేశాడు.

"నాకు తెలియదు," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు. ముల్లు మింగినట్టయింది.

"మీకే తెలియదంటే అందులో ఏమీ ఉండదు లెండి," అని చెంచయ్య వెళ్లిపోయాడు.

నీతి: దేన్నైనా కాపాడాలనుకుంటే, ముందుగా దాన్ని మీ ప్రసంగం నుంచి కాపాడండి.