సులభ మార్గం–రెండు పదవీ విరమణ

మొగలిదిబ్బ తీర అభయారణ్యంలోని సులభ మార్గం–రెండు అనే కాలిబాట జూన్ ముప్పయ్యో తేదీ సాయంత్రం వయోపరిమితి మీద పదవీ విరమణ చేసింది. సభ టికెట్ల గది ముందు రేకుల పందిట్లో జరిగింది. బాట పొడవు పధ్నాలుగు వందల మీటర్లు కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టడానికి చాలా మడతలు పెట్టాల్సి వచ్చింది. శాలువా పై మడతకే సరిపోయింది. రేంజి అధికారి విద్యాధరరావు మాట్లాడుతూ, ముప్పైనాలుగేళ్ల సర్వీసులో ఈ బాట మోకాళ్ల నొప్పులవాళ్లనీ నిండు గర్భిణులనీ మడ అడవి అంచునుంచి సరుగుడు తోట మీదుగా సముద్రం దాకా నడిపించిందనీ, ఒక్కరినీ పడేయలేదనీ మెచ్చుకున్నాడు. ఒకే ఒకసారి ఒక తనిఖీ అధికారికి కాలు మడతపడింది. దానికి అప్పుడే మెమో ఇచ్చారు కాబట్టి ఆయన ఆ సంగతి ఎత్తలేదు.

పందిరి గుంజకి ఆనుకుని నూకరత్నం చప్పట్లు కొట్టింది. పెమ్మాడి నూకరత్నం పంతొమ్మిదేళ్లుగా ఆ బాటకి కాపలా. తెల్లవారగానే రాలిన సరుగుడు పుల్లలు ఊడ్చేది, అడ్డంపడిన బాలబంద తీగలు తీసేది, తోవ తప్పిన ఎండ్రకాయల్ని కాలవలో వదిలేది. బాటకి సర్వీసు రిజిస్టరు ఉంది, నూకరత్నానికి లేదు. బాట పర్మినెంటు, ఆమె అవుట్‌సోర్సింగు. అందులో ఆమెకి తప్పేమీ కనిపించలేదు. వరసలో బాటే ముందు చేరింది మరి.

అదీగాక ఆ బాట అంటే ఆమెకి ప్రాణం. పదేళ్ల కిందట సముద్రం మీదకి చేపల వేటకెళ్లిన మొగుడు తిరిగి రాలేదు. ఏడో రోజునే ఆమె డ్యూటీకి రావలసి వచ్చింది. చీపురు పట్టుకుని సముద్రం వైపు నుంచి గేటుకి వస్తుంటే ఏడుపు ఆగలేదు. ఆ వారమంతా బాట ఎవరికీ చెప్పకుండా రెండొందల మీటర్లు పొడుగు సాగి, గేటు దగ్గర మనుషులు కనపడేలోపల ఆమె ఏడుపు పూర్తయ్యేలా చూసింది. ఆ రెండొందల మీటర్లూ కొలతల పుస్తకంలోకి ఎక్కలేదు.

విరమణ చేసినవాళ్లు మర్నాటికల్లా ప్రభుత్వ స్థలం ఖాళీ చెయ్యాలి. కాగితంలో 'విరమణ అనంతరం నివాసం' అన్న గడి ఒక్కటే మిగిలింది. బాటకి నా అన్నవాళ్లు లేరు. విద్యాధరరావు కలం పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"మా ఇంటికి తీసుకెళ్తానండి," అంది నూకరత్నం.

"మీది ఎంత స్థలం?"

"రెండు సెంట్లండి."

"ఇంత పొడుగుది పడుతుందా అమ్మా?"

"చుట్టబెట్టుకుంటే ఎందుకు పట్టదండి. మా వలలన్నీ అలాగేగా పెట్టుకుంటాం."

ఆయన గడి నింపాడు. నూకరత్నం ఒక కొసా, ఇంటర్ చదివే ఆమె కూతురు వీరవేణి ఒక కొసా పట్టుకుని, బాటని ఇంటికి మోసుకెళ్లారు. వసారాలో కొంత పరిచి, మిగిలింది ఇంటిచుట్టూ తిప్పి, కొస తీసుకెళ్లి పంపు దగ్గర పెట్టారు. మొదటి వారం బాటకి మనసు కుదుటపడలేదు. అడుగుల చప్పుడు లేక ముడుచుకుపోయేది. అందుకని వీరవేణి పుస్తకం పట్టుకుని దానిమీదే అటూ ఇటూ తిరుగుతూ రసాయనశాస్త్రం బట్టీపట్టింది. నాలుగో పాఠానికి బాట తేరుకుంది.

అక్కడ అభయారణ్యంలో, బాట ఉన్నచోట తుప్పలు మిగిలాయి. కొత్త బాటని నియమించడానికి అనుమతి రాలేదు. గేటుమీద మాత్రం 'సులభ మార్గం–రెండు, అన్ని వయసులవారికీ అనుకూలం' అన్న బోర్డు ఉంది, ఏడాదికి సరిపడా టికెట్లు అచ్చయి ఉన్నాయి. జులై తొమ్మిదిన ఉత్తర్వు వచ్చింది. విద్యాధరరావు నూకరత్నాన్ని పిలిచి, కుర్చీ చూపించి, నెమ్మదిగా చదివి వినిపించాడు.

"అదనపు బాధ్యతలంటే, ఇంకో పూట కూడా ఊడవాలాండి?"

"ఊడవడం నీ పాత పని. అది ఎలాగూ ఉంటుంది. దానితోపాటు బాటగా ఉండాలి."

"కుదరదంటేనండి?" అంది నూకరత్నం.

"బాట లేనప్పుడు బాటకి కాపలా ఎందుకని పైవాళ్లు అడుగుతారమ్మా."

"ఎన్నాళ్లండి?"

"తాత్కాలికమే," అన్నాడాయన. ఆయన కూడా ఆ కుర్చీలో పదకొండేళ్లుగా తాత్కాలికమే. అందుకే ఆ మాట ఆయన నోట దయగా వినిపించింది. ఇంటినుంచి తెచ్చుకున్న దిండు తీసి ఆమెకిచ్చాడు.

నూకరత్నం పొడుగు అయిదడుగుల రెండంగుళాలు. సెక్షను గుమాస్తా లెక్కవేసి, ఒక విడత సందర్శకులకి ఆమె ఎనిమిది వందల తొంభై సార్లు పడుకుంటే చాలునని తేల్చాడు. పద్ధతి తేలికే. ఆమె తుప్పల మధ్య బోర్లా పడుకుంటుంది. సందర్శకులు ఒక్కొక్కరుగా ఆమె మీదుగా నడిచి అవతల నిలబడతారు. ఆమె లేచి, వాళ్లని దాటి పరుగెత్తి, ముందు పడుకుంటుంది. బాటల వర్గీకరణ సంఘంవాళ్లు వచ్చి మడమనుంచి భుజం దాకా వాలు కొలిచి, 'సులభం' అన్న ధ్రువపత్రం ఇచ్చారు. భుజం ఎముక దగ్గర మాత్రం 'స్వల్ప ఎగుడు' అని రాశారు.

సందర్శకులు ఇట్టే అలవాటు పడ్డారు. బాట కదులుతోందని మొదట్లో రెండు ఫిర్యాదులు వచ్చాయి. 'బాట ఊపిరి పీల్చును. గమనించగలరు' అని ఒక పలక పెట్టాక అవి ఆగిపోయాయి. ఎవరో మాస్టారు వంగి, "ఏమ్మా, నొప్పిగా లేదూ?" అని అడిగాడు. బాటలు మాట్లాడటం నిబంధనల్లో లేదు. ఆయన, వెనక వాళ్లు తొందరపెడితే నడిచి వెళ్లిపోయాడు.

మూడోనాటి సాయంత్రం నూకరత్నం వసారాలో బట్ట మార్చుకుంటుంటే వీపుమీది బూటు గుర్తులు బాట చూసింది. వినడమే తప్ప దానికి మాటలు రావు. మర్నాడు తెల్లారి వసారాలో బాట లేదు.

అది గేటు దగ్గర వరసలో నిలబడి ఉంది. విరమణ చేసిన సిబ్బందికి లోపల పని చేసే హక్కు లేదు, చూడటానికి మాత్రం రావచ్చు. టికెట్ల గుమాస్తా దాన్ని గుర్తుపట్టి నమస్కారం పెట్టి, 'పెద్దలు – ఒకటి' చింపి ఇచ్చాడు. లోపలికొచ్చిన బాట సరాసరి నూకరత్నం దగ్గరికెళ్లి, ఆమె లేచేలోపు ఆమె కిందకి జరిగింది. తనలో ఉన్న మెత్తటి ఇసకంతా ఆమె పొట్టకిందా మోకాళ్లకిందా చేర్చింది. సందర్శకులు దాటాక ఆమెని లేవనివ్వకుండా అలాగే ముందుకి జార్చుకుపోయింది.

"ఎందుకే నీకీ అవస్థ," అంది నూకరత్నం, నేలకి చెంప ఆనించి. "పింఛను తింటూ ఇంటికాడ కూర్చోక."

బాట ఆమె చెంపకింద ఇంకొంచెం ఇసక జరిపింది.

ఆగస్టులో తనిఖీ బృందం వచ్చింది. ఒక బాట కింద మరొక బాట ఉండటం మీద చాలాసేపు చర్చించారు. కిందిది టికెట్టు కొన్న సందర్శకురాలనీ, సందర్శకులు ఎక్కడ పడుకోవాలన్నది ఏ నిబంధనలోనూ లేదనీ విద్యాధరరావు కాగితాలు చూపించాడు. వాళ్లు అభ్యంతరం లేదని రాసి వెళ్లిపోయారు. తాత్కాలిక ఉత్తర్వుని మరో ఆర్నెల్లు పొడిగించారు. ఆర్నెల్లయ్యాక మళ్లీ పొడిగించారు.

మార్చిలో ఒకనాటి సాయంత్రం వీరవేణి ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి తల్లి వీపుకి కాపడం పెడుతోంది. పరీక్షలు రేపోమాపో. బాట పంపు దాకా చాపుకుని అలసటగా పడుకుని ఉంది.

"ఇయ్యాల మరీ వాచిందమ్మా. మానెయ్యరాదా?"

"వాపేలే, తగ్గిపోద్ది." నూకరత్నం తల తిప్పింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "అది కాదే, నీకో సంగతి చెప్పడం మర్చిపోయాను. ఇయ్యాల ఒక పెద్దావిడొచ్చింది. నా దగ్గరకొచ్చి ఆగి, చెప్పులిప్పి చేత్తో పట్టుకుని, అప్పుడు నడిచింది."

"అవునా!" అంది వీరవేణి.

"ఒట్టు. రెండు చెప్పులూ," అంది నూకరత్నం.