సముద్రానికి నోటీసు

ఈ భూమ్మీద ఇంతవరకూ ఎవరూ అనుమతి లేకుండా విశ్రాంతి తీసుకోలేదు. తీసుకున్నామని చెప్పుకు తిరిగేవాళ్ళు ఇంకా పట్టుబడనివాళ్ళు మాత్రమే.

ఈ సత్యం కొర్రీ గారికి పుట్టుకతోనే తెలుసు. ఆయన లైసెన్సుల ఆఫీసులో సూపరింటెండెంటు. ఆయన బల్ల మీదికొచ్చిన ఏ ఫైలూ కొర్రీ పడకుండా గడప దాటిన దాఖలా లేదు. సంతకం ఉంటే తేదీ లేదంటారు. తేదీ ఉంటే సిరా రంగు వేరంటారు. అన్నీ ఉంటే, అన్నీ ఎలా ఉన్నాయని అడుగుతారు. అందుకే ఆఫీసు మొత్తానికీ ఆయన కొర్రీ గారయ్యారు. (మొదట్లో వెనకాల పిలిచేవాళ్ళు. రాతపూర్వకంగా కోరితే ఎదురుగానే పిలవొచ్చని ఆయనే సూచించారు.)

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన భార్యతో కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. మూడుసార్లు సెలవు పెట్టారు. మూడుసార్లూ తన దరఖాస్తును తానే తిప్పి పంపుకున్నారు. ఆవిడ ఆసుపత్రి ప్రసూతి వార్డులో నర్సు. రోజుకు పది గంటలు నిలబడే పని. కూర్చోవడమంటే ఆవిడకి ప్రాణం.

"ఏమండీ, నాకింకేం వద్దు," అంది ఆవిడ ఓ సాయంత్రం, నొప్పెడుతున్న పాదాలు స్టూలు మీద పెట్టుకుని. "చలికాలంలో సముద్రం దగ్గర క్యారవాన్లు, ఆ ఇల్లులాంటి బళ్ళు, ఖాళీగా ఉంటాయట. నాలుగు రోజులు వెళ్దాం. మీ పక్కన కూర్చుని ఒక్క పావుగంట సముద్రం చూడాలి. మీ చేతిలో కాగితం ఉండకూడదు. అంతే. ఇదే ఆఖరుసారి అడగడం. మళ్ళీ అడగను."

కొర్రీ గారు విన్నపాన్ని స్వీకరించారు. ఈసారి భార్య మాట నెగ్గించి తీరాలని మనసులో గట్టిగా తీర్మానించుకున్నారు. ప్రమాదం అక్కడే మొదలైంది.

వాళ్ళు వెళ్ళేసరికి విడిది అంతా పొగమంచు. నూట ఇరవై బళ్ళు పట్టే చోట ఒకే ఒక్క క్యారవాన్ ఉంది. అది వీళ్ళదే. బుకింగ్ పత్రంలో 'సముద్రాభిముఖం' అని అచ్చయి ఉంది. అందులో అబద్ధం లేదు. బండిని లాక్కెళ్ళే కొక్కెం నేరుగా సముద్రం వైపే చూస్తోంది. కిటికీ మాత్రం బట్టలుతికే గది గోడ వైపు తెరుచుకుంటుంది.

ఆవిడ కర్టెన్ లాగింది. "గోడ," అంది.

"బండిలో ఏ భాగం అభిముఖంగా ఉంటుందో వాళ్ళు ఎక్కడా రాయలేదు," అన్నారు కొర్రీ గారు. గొంతులో కోపం లేదు. సాటి పనివాడి నైపుణ్యాన్ని చూసిన గౌరవం ఉంది. "ఎంత పకడ్బందీగా రాశారో చూడు."

"పోనీలెండి. మడత కుర్చీలు రెండు తెచ్చాను. బండి చుట్టూ తిరిగి వెళితే నలభై అడుగులు. రండి."

"ఆగు. నువ్వు కిటికీలోంచి చూడాలన్నావు."

"నేను కిటికీ అననే లేదు!"

"అన్నావనే రాసుకున్నాను," అన్నారు ఆయన, జేబులోంచి చిన్న పుస్తకం తీసి. రాసుకున్నది రాసుకున్నదే.

ఆవిడ ఓ కుర్చీ ఈ చంకన, ఓ కుర్చీ ఆ చంకన పెట్టుకుని సముద్రం వైపు వెళ్ళింది. ఆయన ఆఫీసు వైపు వెళ్ళారు.

ఆఫీసులో ఒకే కౌంటరు. దాని వెనక శాలువా కప్పుకుని, ఒళ్ళో వేడినీళ్ళ సంచీ పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. కొర్రీ గారు తలుపు తోయగానే యంత్రం టోకెన్ కక్కింది. నలభై ఏడు.

గదిలో ఇంకెవరూ లేరు.

"మిగతా నలభై ఆరుగురు?" అన్నారు ఆయన.

"వేసవిలో తీసుకున్న టోకెన్లండి. పిలిచేలోపు సీజన్ అయిపోయింది." కౌంటరావిడ గొంతు సవరించుకుంది. "ఒకటో నంబరు! ఒకటో నంబరు! ఒకటో నంబరు! ... రెండో నంబరు!"

ఒక్కో నంబరుకు మూడు పిలుపులు. పిలుపుకీ పిలుపుకీ మధ్య, ఆ మనిషి వృద్ధుడైతే లేచి రావడానికి పట్టేంత వ్యవధి. ఇంకొకరైతే బల్ల గుద్దేవారు. కొర్రీ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. ముప్ఫై ఒకటో నంబరును ఆవిడ రెండేసార్లు పిలిస్తే, మూడోసారి గుర్తుచేసింది ఆయనే.

చీకటి పడేవేళకి చేతికి ఫారం వచ్చింది: దిశ మార్పు దరఖాస్తు. కిటికీ సముద్రం వైపు వచ్చేలా బండిని తిప్పాలంటే ఇదే మార్గం. జతచేయవలసినవి రెండు. మొదటిది అఫిడవిట్: 'ఈ విడిదిలో బస చేస్తున్నప్పటికీ నేను సముద్రాన్ని చూడలేకపోతున్నానని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను.' పొగమంచు పుణ్యమా అని అప్పటికది అక్షరాలా నిజం. రెండోది, చుట్టుపక్కల బళ్ళవాళ్ళ నుంచి అభ్యంతరం లేదన్న పత్రాలు.

"చుట్టుపక్కల ఎవరూ లేరు కదమ్మా."

"లేరన్న సంగతి మాకు తెలీదండి. ఆ ఖాళీ స్థలాల్లో ఒక్కోచోట నోటీసు పెట్టాలి. ఒక రోజు ఉండాలి. ఎవరూ రాకపోతే, ఎవరూ లేరని మేం నమ్ముతాం."

రెండోరోజు మంచు విడింది. గాలి మొదలైంది. కొర్రీ గారు మూడు ఖాళీ స్థలాల్లో మూడు నోటీసులు పాతి, ఎగిరిపోకుండా వంతులవారీగా ఒక్కోదాన్నీ పట్టుకుని నిలబడ్డారు. (సముద్రం వైపు వీపు పెట్టి. అఫిడవిట్ ఇచ్చిన మనిషి పొరపాటున చూశాడంటే దరఖాస్తుకు ఆధారమే పోతుంది.) మధ్యలో ఫోన్ మోగింది. విడిదివాళ్ళ యాప్. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి విశ్రాంతి హాజరు వేయాలి. 'మీరిప్పుడు విశ్రాంతిగా ఉన్నారా?' అని అడిగింది. వణికే వేలితో 'అవును' నొక్కారు. 'ఇంకాస్త నమ్మకంగా నొక్కండి' అంది యాప్.

ఆవిడ ఫ్లాస్కులో టీ తెచ్చి ఇచ్చింది. ముక్కు చలికి ఎర్రబడింది, చెప్పుల నిండా ఇసుక, ముఖంలో ఎన్నేళ్ళనుంచో కనబడని నెమ్మది.

"ఎంత బాగుందో తెలుసా అండీ? మనిషన్నవాడు లేడు. మీ కుర్చీ అక్కడే వేసి వచ్చాను, గాలికి పడిపోకుండా నా సంచీ పెట్టి."

"రేపు మన కిటికీలోంచి చూద్దువుగాని."

"రేపెందుకండీ? ఇవాళ ఉంది కదా అది."

ఆయన వినలేదు. రెండో స్థలంలో కాగితం ఊగుతోంది.

సాయంత్రం అయిదింటికి ఫైలు కౌంటరుకు చేరింది. అఫిడవిట్ ఉంది. మూడు నోటీసులూ ఉన్నాయి. ఎవరూ రాలేదన్న ధ్రువీకరణ ఉంది. కౌంటరావిడ ముద్ర తీసింది. సిరా అద్దింది. చెయ్యి పైకి లేపింది. ఇంకొక్క జానెడు దిగితే చాలు, రేపు పొద్దున్నే బండి తిరుగుతుంది.

అప్పుడు చూశారు కొర్రీ గారు.

ఫారంలో పొరుగువారి గడులు నాలుగున్నాయి. నింపినవి మూడే.

ఆయన నోరు మూసుకోవచ్చు. గదిలో ఇంకెవరూ లేరు. కౌంటరావిడకి అది కనబడలేదు. ఇరవై రెండేళ్ళలో భార్య కోరిన ఒకే ఒక్క కోరిక ఆ ముద్ర కింద ఉంది. పళ్ళు బిగించారు. పెదాలు మాత్రం, ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న పెదాలు, వాటంతట అవే విడిపోయాయి.

"ఒక్క నిమిషమమ్మా. నాలుగో గడి ఖాళీగా ఉంది."

ముద్ర గాలిలో ఆగింది.

"నాలుగో వైపు ఎవరుంటారండి?" అంది కౌంటరావిడ. "నాలుగో వైపు సముద్రం కదా."

"పొరుగు పొరుగే," అన్నారు కొర్రీ గారు, తల వంచుకుని.

వ్యవహారం దిశాధికారి దాకా వెళ్ళింది. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి. వేసవిలో పిల్లల గాలిపడవలకి గాలి కొడతాడు. చలికాలంలో అధికారి. ఆయన ఫైలును రెండువైపులా తిప్పి చూసి, ఇన్నేళ్ళలో ఈ లోపం ఎవరూ పట్టలేదని ఒప్పుకుని, కొర్రీ గారితో లేచి నిలబడి కరచాలనం చేశాడు.

"సముద్రానికి నోటీసు ఇవ్వాల్సిందే సార్. అందినట్టు రుజువు కావాలి. జవాబుకి ఒక పోటు, ఒక ఆటు గడువిద్దాం."

మూడోరోజు పొద్దున ఆవిడ తీరాన కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన రెండో కుర్చీ, దానిమీద మడతపెట్టిన దుప్పటి. ఇసుకలో చెప్పుల చప్పుడు విని తల తిప్పింది. భర్త వస్తున్నారు. వెనక్కి నడుచుకుంటూ వస్తున్నారు. చంకలో ఒక కర్ర, దానికి ప్లాస్టిక్ కవరులో కాగితం.

"ఏం చేస్తున్నారండీ?"

"నోటీసిస్తున్నాను."

"ఎవరికి?"

"నీ ఎదురుగా ఉన్న పార్టీకి."

ఆవిడ ప్రసవాల గదిలో ఇంతకన్నా వింత మాటలు విన్న మనిషి. ఆయన వీపు నీళ్ళవైపే ఉంచి, వెనక్కి చేతులు చాచి, తడిమి తడిమి కర్రను ఇసుకలో పాతారు.

"ఒక్కసారి ఇటు తిరగండి. ఎండ పడి నీళ్ళు ఎలా మెరుస్తున్నాయో చూడండి."

"తిరక్కూడదు. ప్రమాణం చేశాను."

"ఇక్కడెవరు చూస్తారండీ మిమ్మల్ని?"

"నేను చూస్తానుగా."

"పోనీ కూర్చోనైనా కూర్చోండి. వీపు అటే పెట్టుకుని కూర్చోండి. నేను చూసి చెప్తాను, ఏముందో."

కొర్రీ గారు కుర్చీ వైపు చూశారు. దుప్పటి వైపు చూశారు. ఆయన మోకాళ్ళు కొద్దిగా వంగాయి కూడా. సరిగ్గా అప్పుడే వెనకనుంచి చల్లగా చీలమండల దాకా నీళ్ళొచ్చాయి. కాగితం తడిసింది.

"అందింది!" అని కేకేశారు ఆయన. "టైమెంత? పదకొండు గంటల పన్నెండు నిమిషాలా? వెంటనే నమోదు చేయించాలి!" అని, ముందుకి, అంటే ఆఫీసు వైపుకి, పరుగెత్తారు.

వెనకాల ఆవిడ దుప్పటి తీసి భుజాల మీద కప్పుకుంది. రెండో కుర్చీ మడిచేసింది.

గడువు ప్రకారం పోటు వచ్చింది, ఆటు వెళ్ళింది. సముద్రం రాతపూర్వకంగా ఏ అభ్యంతరమూ తెలపలేదు. (చాలా చప్పుడు చేసింది. మౌఖిక అభ్యంతరాలు చెల్లవు.) నాలుగోరోజు పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు అనుమతి వచ్చింది. బండి ఖాళీ చేయాల్సింది పదకొండింటికి.

నలభై నిమిషాలు.

దిశాధికారి ట్రాక్టరు విభాగానికి లేఖ రాశాడు. టోపీ తీసి ఉన్ని టోపీ పెట్టుకున్నాడు. ట్రాక్టరు విభాగం తరపున ఆ లేఖ తానే అందుకున్నాడు. కింద సంతకం గుర్తుపట్టలేక ఓ నిమిషం అనుమానపడ్డాడు. కొర్రీ గారు గోళ్ళు కొరుకుతూనే ఆ అనుమానం సబబేనన్నారు. పావు తక్కువ పదకొండుకి ఇంజను దగ్గింది. బండి కదిలింది. బట్టలుతికే గది గోడ మెల్లగా పక్కకి జరిగింది. పదిన్నర దాటి ఇరవై రెండు నిమిషాలకి కిటికీ సముద్రం వైపు నిలిచింది.

కొర్రీ గారు బండెక్కారు. కర్టెన్ మూసి ఉంది. దాని అంచుల్లోంచి వెలుగు కారుతోంది. చెయ్యి వేశారు. తియ్యలేదు. కోరింది తను కాదు. తను ముందు చూసేస్తే న్యాయం కాదు. జేబులోని కాగితాలన్నీ తీసి బల్లమీద పెట్టేశారు, ఖాళీ చేతులు ఒకసారి చూసుకున్నారు.

"ఏమోయ్! రా! వచ్చేసింది!"

బండిలో ఎవరూ లేరు. సంచులు సర్ది గుమ్మం దగ్గర ఉన్నాయి.

ఆవిడ ఆఫీసులో దొరికింది. కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, కౌంటరావిడ పెన్నుతో ఏదో ఫారం నింపుతోంది.

"రావోయ్, ఇంకా ఎనిమిది నిమిషాలుంది! మన కిటికీ!"

"వస్తున్నానండీ. ఇదొక్కటి అవనీండి. వచ్చే చలికాలానికి ఇప్పుడే రాయించుకోవాలట." ఆఖరి గడి నింపి, కాగితం ఆయన ముందుకి జరిపింది. గొంతులో కోపం లేదు, వార్డులో బిడ్డ బరువు చెప్పే గొంతు అది. "ఒకసారి చూసి పెట్టండి. కొర్రీ ఏమైనా పడుతుందేమో."

ఖాళీగా ఉన్న చేతుల్లోకి ఆయన కాగితం అందుకున్నారు. కళ్ళజోడు సవరించుకున్నారు. పేరు, సరే. తేదీలు, సరే. కిటికీ ఏ దిశన ఉండాలి: ఎటైనా పర్లేదు. కావలసిన కుర్చీలు: ఒకటి. బస చేసే వ్యక్తుల సంఖ్య: ఒకటి.

గోడ గడియారం పదకొండు కొట్టింది. ఆయన మొదటినుంచీ మరోసారి చదివారు. కుర్చీల సంఖ్యను వ్యక్తుల సంఖ్యతో సరిచూశారు. వేలితో ప్రతి గడీ తడిమారు.

ఒక్క తప్పు కూడా లేదని, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి భార్యను మెచ్చుకుని, సాక్షి సంతకం పెట్టారు.