లైబ్రేరియన్ గారి కొత్త మెయిల్

కాఫీ చల్లారేలోగా మెయిల్ మార్చేయాలని రిటైరైన లైబ్రేరియన్ గారు ఆ ఉదయం నిర్ణయించుకున్నారు. ముందురోజు చెల్లెలికి మోకాలి నొప్పి గురించి రాస్తే, సాయంత్రానికల్లా తెర నిండా మోకాలి పట్టీల ప్రకటనలు. ఒకరి ఉత్తరం మరొకరు చదవడం ఆవిడ సహించే విషయం కాదు.

పెద్ద కంపెనీని వదిలి, చందా తీసుకుని ఉత్తరాల జోలికి రాని ఒక చిన్న సంస్థలో ఖాతా తెరిచారు. చిరునామాలో పేరెందుకని, పుస్తకాలకు వేసిన అలవాటుకొద్దీ అంకెలు వేశారు. "నేనే, లైబ్రేరియన్‌ని. పాత మెయిల్ మూసేశాను. ఇక ఇక్కడికే రాయండి" అని అరవై నలుగురికి పంపి, పాత ఖాతా తీసేశారు. కొత్తగా తెరవబోయే పిల్లల లైబ్రరీలో ఉద్యోగం తనకు వస్తుందో రాదో ఆ రోజే తేలాలి. అందుకని కమిటీ కార్యదర్శికీ అదే మెయిల్ వెళ్లింది.

తొమ్మిదింటికి చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఎవడో నువ్వేనంటూ అందరికీ మెయిళ్లు పెడుతున్నాడు."

"అది నేనేనే తల్లీ."

చెల్లెలు భర్తను కేకేసి, "ఏమండీ, వీడు అక్క గొంతు కూడా కాజేశాడు" అంది.

మరిది ఫోన్ లాక్కున్నాడు. "నువ్వు మా వదినవే అయితే, మా పెళ్లయిన కొత్తలో మీ లైబ్రరీ నుంచి నేనేం పుస్తకం తీసుకెళ్లానో చెప్పు."

"ఎవరేం చదివారో నేను చెప్పను."

"తెలీదన్నమాట. దొరికిపోయావ్."

అతను బంధువులందరినీ హెచ్చరించాడు. వాళ్లు శ్రద్ధగా ఫిర్యాదులు చేశారు. పదకొండింటికి ఆ చిన్న సంస్థ కొత్త ఖాతాకు తాళం వేసింది.

మధ్యాహ్నం చెల్లెలూ మరిదీ అక్కను కాపాడడానికి వచ్చారు. వాళ్ల వెనకే కార్యదర్శి, దరఖాస్తులో ఇంటి చిరునామా చూసుకుని, ఆయాసపడుతూ మూడంతస్తులు ఎక్కి వచ్చారు.

"పాత మెయిల్ లేదంటోంది, కొత్తది మోసగాడి ఖాతా అంటోంది. ఐదింటిలోగా మీ సంగతి తేలకపోతే ఉద్యోగం రెండో పేరుకి ఇచ్చేయాలండీ."

"ఆ మోసగాణ్ణి పొద్దున్నే పట్టేశానండీ," అన్నాడు మరిది. "పుస్తకం పేరడిగితే నీళ్లు నమిలాడు."

"ఫోన్లో మాట్లాడింది నేనే," అన్నారు లైబ్రేరియన్ గారు.

"అయితే ఇప్పుడు చెప్పండి వదినా."

"ఇప్పుడూ చెప్పను."

"ఉద్యోగం పోతుందక్కా, చెప్పేయ్."

"పోతే పోనీ. ముప్పై రెండేళ్లలో ఎవరికీ చెప్పలేదు." ఆవిడ కార్యదర్శి ఆయాసం చూసి, ఫ్యాను ఆయన వైపు తిప్పి, గ్లాసుతో మంచినీళ్లు అందించారు.

ఆయన తాపీగా తాగారు. "వచ్చిన దరఖాస్తుల్లో సగంమంది, ఏ పిల్లాడు ఏం చదివాడో ఇంటికి నెలనెలా రాసి పంపుతామన్నారమ్మా. నేనూ చిన్నప్పుడు ఇంట్లో తెలియకుండా పుస్తకాలు చదివినవాణ్ణే. మీ సంగతి తేలిపోయింది, సోమవారం నుంచి రండి."

చెల్లెలు కళ్లు తుడుచుకుని భర్త వైపు తిరిగింది. "ఇంతకీ ఏం పుస్తకమండీ అది?"

మరిది ఆ సాయంత్రమే తన మెయిల్ కూడా మార్చుకున్నాడు.