తడిస్తే తగ్గే బియ్యం

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవాలి, ఇంత మెత్తటి అన్నం వండుకోవాలి, తిని మళ్ళీ ముసుగుతన్ని పడుకోవాలి. ఒళ్ళు పెనంలా కాలుతోంది, ముక్కు రెండువైపులా దిబ్బడేసింది. నెలరోజులుగా తింటున్న వీధి చివరి క్యాంటీన్ భోజనం ఇవాళ సయించేలా లేదు. జ్వరమొస్తే భార్య వండిపెట్టే జావలాంటి అన్నం, నుదుటి మీద ఆవిడ చెయ్యి, ఈ రెండే కావాలనిపిస్తోంది. చెయ్యి ఎలాగూ దొరకదు కాబట్టి అన్నంతో సరిపెట్టుకుందామనుకున్నాడు.

కాలు విరిగిన తన అక్కగారికి సాయంగా ఆవిడ వెళ్ళి నెల దాటింది. బస్సెక్కితే గంట దూరం. వెళ్ళేరోజు ఈయనే గొప్పగా, "నా గురించి బెంగపెట్టుకోకు, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండు" అని సంచీ మోసి మరీ బస్సెక్కించాడు. ఆ రోజు నుంచే ఇల్లు ఇల్లులా లేదు. కుట్టుమిషను ఆపితే చాలు, గోడలు మీదికొచ్చేవి. సాయంత్రం అలవాటుకొద్దీ టీ రెండు కప్పుల్లో పోసి, రెండోది కూడా తనే తాగేవాడు. అయినా రమ్మని ఒక్కమాట అనలేదు. అంత గొప్పగా చెప్పాక వెనక్కి తీసుకుంటే పరువేం కాను? పైగా జ్వరమని తెలిస్తే ఆవిడ అక్కను ఉన్నపళంగా వదిలేసి పరుగెత్తుకొస్తుంది. కాబట్టి తెలియకూడదు.

ఫోను చేశాడు. "అన్నం బాగా మెత్తగా రావాలంటే ఎలా వండాలి?"

"అదేంటి, గొంతు అలా ఉంది?"

"కుడుతున్నాను, నోట్లో గుండుసూదులున్నాయి."

"ఒక గ్లాసు బియ్యం, నాలుగు గ్లాసుల నీళ్ళు. ఇంతకీ మీకెందుకూ?"

"ఊరికే" అని పెట్టేశాడు.

గ్లాసు బియ్యం గిన్నెలో పోసి చూస్తే అడుగు కూడా సరిగ్గా కప్పలేదు. అక్కడ టైలరుకు తన వృత్తి గుర్తొచ్చింది. గుడ్డ తడిస్తే కుంచించుకుపోతుంది. ఆ సంగతి మరిచి కుట్టిన మొదటి చొక్కా ఒక్క ఉతుక్కే బొడ్డు పైకెక్కింది. ఆ ఆసామి కొట్టు ముందు నిలబడి తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. చన్నీళ్ళకే గుడ్డ అంత తగ్గితే, మరిగే నీళ్ళలో పడ్డ బియ్యం ఇంకెంత తగ్గాలి! ముందుజాగ్రత్తగా నాలుగు గ్లాసుల బియ్యం పోశాడు. మనసొప్పక ఇంకో రెండు.

బియ్యం తగ్గలేదు. కాసేపటికి మూతను నెత్తిన పెట్టుకుని పైకి లేచింది. సగం రెండో గిన్నెలోకి తోడి, గట్టిగా ఉందని నీళ్ళు పోశాడు. అదీ లేచింది. మూడో గిన్నె, బాణలి, టీ కాచుకునే గిన్నె, అన్నీ అయిపోయాయి. రుచి చూస్తే జలుబు నాలుకకు ఏమీ తెలియలేదు, అందుకని ప్రతి గిన్నెలోనూ గుప్పెడు ఉప్పు వేశాడు.

గత్యంతరం లేక పైవాటా టీచరమ్మ తలుపు కొట్టాడు. ఆవిడకి తెలిస్తే తన భార్యకి తెలిసినట్టే, జాగ్రత్తగా మాట్లాడాలి.

"పెద్ద గిన్నె ఏమైనా ఉందామ్మా?"

"ఎంతమందికి, అన్నయ్యగారూ?"

"నాకే" అనడానికి నోరు రాలేదు. "ఓ ఇరవై మందికి" అనేశాడు.

"భోజనాలా! చెప్పనేలేదే! ఏమిటి విశేషం?"

"ఊరికేనమ్మా."

ఊరికే ఇరవైమందికి అన్నం పెట్టే మనిషిని ఆ వీధి అంతవరకూ ఎరగదు. టీచరమ్మ గిన్నె ఇచ్చి, వెంటనే టైలరు భార్యకి ఫోను చేసింది. "వదినా, మీ ఆయన వీధి మొత్తానికీ భోజనాలు పెడుతున్నారు! మొహం ఎర్రగా ఎలా వెలిగిపోతోందో!" ఆ తర్వాత ఇస్త్రీ ఆయనకి చెప్పింది. ఇస్త్రీ ఆయన మంగలికి చెప్పాడు. "పాపం, పిలవడానికి మొహమాటపడుతున్నట్టున్నాడు, మనమే వెళ్దాం" అని మంగలి తన కొట్లోని కుర్చీలన్నీ మోయించుకొచ్చాడు.

టైలరు తలుపు తీసేసరికి వాకిట్లో జనం పళ్ళేలతో సహా సిద్ధంగా ఉన్నారు. పొమ్మనలేక వడ్డించాడు. ఒక్కొక్కరికి ఒక్కో గుట్ట. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"కానివ్వండి" అన్నాడు.

"కూర రానివ్వండి, తొందరేముంది!" అన్నాడు మంగలి మర్యాదగా.

ఇస్త్రీ ఆయన మాత్రం ఆగలేక ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చెంబెడు నీళ్ళు తాగాడు. "అన్నంలోనే ఇంత ఉప్పుందంటే కూర చప్పగా చేసుంటారు" అని పక్కవాడికి వివరించాడు.

"వస్తోంది" అంటూ టైలరు లోపలికెళ్ళాడు. ఇంట్లో కూర సంగతి అటుంచి, కూరగాయే లేదు. కళ్ళు తిరిగాయి. ఒక్క నిమిషమని మంచం మీద వాలాడు.

నుదుటి మీద చల్లటి చెయ్యి తగిలింది. కలనుకున్నాడు. "తియ్యకు" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"గుండుసూదులట!" అంది ఆ చెయ్యి గల మనిషి. "పెళ్ళైన వారంలోనే మీచేత ఆ అలవాటు మాన్పించాను. మీరు ఫోను పెట్టెయ్యగానే సంచీ సర్దాను. టీచరమ్మ ఫోను చేసేసరికి బస్సులో ఉన్నాను."

టైలరు గభాల్న లేచి కూర్చున్నాడు. "మరి వదిన కాలు?"

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. "కట్టు విప్పి పదిరోజులైంది. మెట్లు కూడా ఎక్కుతోంది."

"మరి రాలేదేం?"

"ఎన్నాళ్ళైనా ఉండమన్నారుగా! ఇవాళైనా రమ్మంటారేమోనని రోజూ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నేను లేకపోయినా హాయిగానే ఉన్నారనుకున్నా."

టైలరు దుప్పటి అంచుకు మడత పెడుతూ కూర్చున్నాడు. "రోజూ టీ రెండు కప్పులు పోశాను" అన్నాడు ఎలాగో.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత వంటింట్లోకి తొంగిచూసి, వడ్డించగా ఇంకా మిగిలిన అన్నం గిన్నెలన్నీ ఒకసారి కలయజూసింది.

"నిజం చెప్పండి, ఇదంతా ఎవరికి వండారు?"

"నాకే. తగ్గుతుందనుకున్నా."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, మధ్యలో ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. వాకిట్లో జనం ఇంకా కూర కోసమే చూస్తున్నారు.