పోయిన రామ్‌కిషన్ పుట్టినరోజు

చేలో పాండవులకు పూజ చేసే ఎల్లమాస పండగ పొద్దున గిరీశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తల్లినీ భార్యనూ రొట్టెల గంపలతో సహా చిరాగ్‌పల్లి దగ్గరున్న చేనుకు చేర్చాలి. పూజ కాగానే దుకాణంలో పని ఉందని బండి తీయాలి. జహీరాబాద్ బస్టాండులో దిగే ఒక మనిషిని ఎవరి కంటా పడకుండా లాడ్జిలో దాచాలి. సాయంత్రం వర్తక సంఘం వార్షికోత్సవంలో ఆ మనిషిని స్టేజీ ఎక్కించాలి. ఎక్కించాక ఏమవుతుందన్నది గిరీశ్ ఆలోచించలేదు. ఆలోచిస్తే ఈ పనికి దిగేవాడే కాదు.

ఆ మనిషి పేరు రామ్‌కిషన్. ఏళ్ల తరబడి టీవీలో జనాన్ని కడుపుబ్బ నవ్వించినవాడు. మూడేళ్ల కిందట, తన కొత్త కార్యక్రమానికి ప్రచారం కావాలని, తాను చనిపోయానని తానే వార్త పుట్టించాడు. రాష్ట్రమంతా కంటతడి పెట్టింది. మర్నాడు, పూలదండ వేసిన తన ఫొటో వెనకనుంచి తల బయటపెట్టి "భౌ" అన్నాడు. నవ్వుతారనుకున్నాడు. ఆ ఒక్క "భౌ"తో అతని బతుకు బస్టాండయింది. ఛానళ్లు తలుపులు మూశాయి, స్నేహితులు ఫోన్లు ఎత్తడం మానేశారు.

జహీరాబాద్‌కు మాత్రం ఆ కోపం రెండింతలు. వర్తక సంఘం అధ్యక్షుడు బస్వరాజ్ అప్పట్లో చౌరస్తాలో సంతాప సభ పెట్టి, మైకు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ వీడియో ఊరూరా తిరిగింది. పోయినవాడు బతికొచ్చాక ఇంకా ఎక్కువ తిరిగింది. ఇక గిరీశ్ తల్లి గిరిజమ్మ సొంత మనిషి పోయినట్టు తల మీద నీళ్లు పోసుకుంది, ఆ పూట పొయ్యి వెలిగించలేదు. భర్త దవాఖానలో మంచం పట్టిన చివరి రోజుల్లో ఆయన ముఖాన నవ్వు తెప్పించినవాడు రామ్‌కిషన్ ఒక్కడే. అందుకే ఆమె అంతగా ఏడ్చింది. అదంతా నాటకమని తెలిశాక, వాడి పేరు ఇంట్లో ఎత్తొద్దని కూడా అందుకే అంది.

గిరిజమ్మ అరిచే మనిషి కాదు. కోపమొస్తే మాట మానేస్తుంది, అంతే. చిన్నకొడుకుతో ఒకసారి ఏడాదిపాటు మాట్లాడలేదు. వేళకు అన్నం మాత్రం వడ్డించింది. ఆ ఏడాదిలో చిన్నవాడు ఎంత తిన్నా ఒంటికి పట్టక చిక్కి సగమయ్యాడు. గిరీశ్‌కు అదే భయం.

"అత్తమ్మకు తెలిస్తే ఎట్లనండీ?" అంది భార్య స్నేహ, గంపలు కారులో పెడుతూ.

"వాడే ఫోన్ జేసిండు స్నేహా. పుట్టినరోజు ఫంక్షన్లకు గూడ పిలుస్తలేరట. నాయిన నవ్విన మొఖం యాదికొచ్చింది. నోట్లకెళ్లి సరే అని ఒచ్చేసింది. ఇగ మాట ఇచ్చినట్టే గద."

"మాట మీరు ఇచ్చిన్రు. అత్తమ్మ మాట బందైతే పొద్దంత ఇంట్ల ఉండేది నేను," అంది స్నేహ. గిరీశ్ బండి స్టార్ట్ చేశాడు.

చేనులో అంతా బాగానే మొదలైంది. జొన్నచొప్పతో వేసిన చిన్న గుడిసెలో సున్నం పూసిన అయిదు రాళ్లను పాండవులుగా నిలిపి, గిరిజమ్మ దీపం పెట్టింది. సజ్జరొట్టెలు, అన్ని పప్పులూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జి, అంబలి నైవేద్యం పెట్టింది. సరిగ్గా అప్పుడే గిరీశ్ జేబులో ఫోన్ మోగింది. అతను కందిచేను చాటుకు పరిగెత్తాడు.

"అన్నా, సంతోషంతోని రాత్రంత నిద్ర పట్టలే," అంటున్నాడు రామ్‌కిషన్. "బస్సుల కన్నంటుకున్నది. లేచి చూసేవరకు జహీరాబాద్ దాటిపోయింది. గీడ దిగిన. బోర్డు మీద చిరాగ్‌పల్లి అని ఉన్నది."

గిరీశ్ గొంతు తగ్గించాడు. "చిరాగ్‌పల్లా! జర ఆగు. మొఖానికి తువ్వాల చుట్టుకో. నోరు అస్సలు తెర్వకు. నీ గొంతు పసిపిల్లలు గూడ గుర్తువడ్తరు. నేనొచ్చేదాక అక్కడ్నే నిలబడు."

కానీ ఎల్లమాస నాడు ఇంటి మగవాడు కేకలేస్తూ, అంబలి చల్లుతూ చేను చుట్టూ తిరిగి రావాలి. తల్లి అంబలి చెంబు చేతిలో పెట్టింది. నాన్న ఇంకొంచెం తక్కువ భూమి కొని ఉంటే బాగుండునని గిరీశ్ అనుకోవడం జీవితంలో అదే మొదటిసారి.

అతను చెప్పడం మరిచిపోయింది ఇంకొకటుంది. ఎల్లమాస నాడు ఈ ప్రాంతంలో దారిన పోయే మనిషిని తినకుండా కదలనివ్వరు. పిలిస్తే రాకపోతే చేయి పట్టి లాక్కొస్తారు. పైగా బస్టాపు పక్క కొట్టులో ఆ పూట దొరికింది కాషాయం రంగు తువ్వాలు ఒక్కటే. దాన్ని ముఖానికి చుట్టుకుని, ఎవరు పలకరించినా నోరు విప్పకుండా చేతులు జోడిస్తున్న మనిషిని చూస్తే, ఎవరికైనా ఏమనిపిస్తుంది? బస్టాపు పక్కనే బస్వరాజ్ చేను. అతనికీ అదే అనిపించింది.

గిరీశ్ చివరి గట్టు మీద ఉండగా ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. ట్రాలీలో దుప్పటి పరిచి, దాని మీద కాషాయ తువ్వాల మనిషిని కూర్చోబెట్టి, వెనక ఇరవై ముప్పై మందితో బస్వరాజ్ దిగాడు.

"పెద్దమ్మా, నీ పుణ్యం పండింది!" అని అరిచాడు. "మౌనస్వామి నడుసుకుంట వచ్చిన్రు. మా చేన్ల ఎంత బతిమిలాడినా ముసుగు తీస్తలేరు, ముద్ద ముడుతలేరు. పెద్దదానివి, నీ చేతితోని పెడితే తింటరేమో!"

గిరీశ్ చేతిలోని చెంబు జారిపోయింది. మిగిలిన అంబలంతా ఒకేచోట పడింది. ఆ పక్కన తువ్వాల సందులోంచి రెండు కళ్లు అతన్నే జాలిగా చూస్తున్నాయి.

గిరిజమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, స్వామి కాళ్లు కడిగింది. స్వామి కాలివేళ్లు ముడుచుకుపోయాయి. ఆమె ఒక్క క్షణం ఆగి, తలెత్తి చూసి, మళ్లీ కడగసాగింది. ఆ వెంటనే స్వామి చిటికెన వేలు చూపించి, మరో చేత్తో కందిచేను వైపు తెగ ఊపాడు. పొద్దున బస్సెక్కినప్పటినుంచీ బిగబట్టుకున్న మనిషి మరి.

"చూసిన్రా!" అన్నాడు బస్వరాజ్ పులకించిపోయి. "మనం బోరు బోరు అని తలకాయలు వగలగొట్టుకుంటున్నం. గాడ ఏసుకోమంటున్నరు. సన్నగనే పడ్తదట గాని పడ్తది!" అని పరిగెత్తి, కందిచేనులో ఆనవాలుగా ఒక బండరాయి పెట్టొచ్చాడు. అంతమంది ముందు అడుగు కదిపే ధైర్యం లేక స్వామి కాళ్లు దగ్గరికి లాక్కుని, నొసలు చిట్లించి కూర్చున్నాడు. అది ధ్యానమని అందరూ దండం పెట్టారు.

బస్వరాజ్ అక్కడితో ఊరుకోలేదు. స్వామి ఫొటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. "గిరీశ్, పొద్దుమీకి మన ఫంక్షన్ల స్వామివారే దీపం వెలిగిస్తరు. ఆ హైదరాబాద్ ఆర్టిస్టు ఎవడో నువ్వు చెప్తలేవు గాని, వాడు ముందుగాల స్వామి కాళ్లు మొక్కి అప్పుడు మైకు పట్టుకోవాలె. వానికి చెప్పు."

"చెప్త," అన్నాడు గిరీశ్. ఆ ఆర్టిస్టు తన కాళ్లు తానే ఎలా మొక్కుకుంటాడా అని అతని బుర్ర తిరుగుతోంది. పక్కచేల జనం ఒక్కొక్కరే వస్తున్నారు. ఒకాయన పాలివ్వని బర్రెను కూడా తోలుకొచ్చాడు. ఏ చిన్న మాట బయటపడినా తల్లి మౌనం తప్పదు. ఆ మనిషికి ఇక ఏ ఊళ్లోనూ మైకు దొరకదు.

"స్వామివారు జనం ముందల తినరు!" అని గట్టిగా అన్నాడు గిరీశ్. ఆకలితో మాడుతున్న స్వామి తల గబగబా ఊపాడు.

"గట్లనా? అయితే చీర అడ్డం కట్టున్రి," అంది గిరిజమ్మ. చీర ఒక కొస గిరీశ్, ఇంకో కొస స్నేహ పట్టుకున్నారు. కథ ఇక ఒడ్డున పడ్డట్టేనని గిరీశ్ ఊపిరి పీల్చుకునేలోగా, గిరిజమ్మ విస్తరి పట్టుకుని తనే చీర అవతలికి వెళ్లింది. ముందు రొట్టె తుంచిన చప్పుడైంది. తర్వాత అంబలి జుర్రిన చప్పుడు. అంతా ప్రశాంతంగా ఉంది. అప్పుడు గిరిజమ్మ గొంతు, ఇంటి పిల్లవాణ్ని అడిగినంత మామూలుగా వినిపించింది.

"ఇంకో రొట్టె ఎయ్యాల్నా రామ్‌కిషన్?"

గిరీశ్ చేతిలోంచి చీర జారిపోయింది. నోటినిండా భజ్జితో, కళ్లనిండా నీళ్లతో రామ్‌కిషన్ అందరి ఎదుటా దొరికిపోయాడు. బర్రె తప్ప అందరూ నోళ్లు తెరిచారు.

"నువ్వా!" అన్నాడు బస్వరాజ్. "అరే, నీ కోసం నడి చౌరస్తాల ఏడ్సినరా నేను! ఇప్పటికి గూడ పెండ్లిళ్లల్ల నా వీడియో పెట్టుకుని నవ్వుతున్నరు. ముందుగాల నా ఏడుపు నాకు వాపస్ ఇయ్యి, తర్వాత మాట్లాడు!"

రామ్‌కిషన్ ముద్ద మింగి లేచి నిలబడ్డాడు. "అన్నా, ఆ వీడియో నేను రోజూ చూస్త. మా సొంత చుట్టాలు గూడ గంత ఏడ్వలే. గట్ల ఏడ్సే మనిషిని మోసం జేసిన్నని చూసినప్పుడల్ల సిగ్గయితది. గదే నాకు శిక్ష." కొంచెం ఆగి, "ఇంకోటి... కందిచేన్ల బోరు ఎయ్యకున్రి. నేను అడిగింది గది కాదు," అని, జవాబు కోసం ఆగకుండా ఆ బండరాయి దాకా పరిగెత్తాడు.

అతను తిరిగొచ్చేసరికి చేను అసెంబ్లీ అయిపోయింది. ఒక్క తప్పుకు మనిషిని ఎన్నేళ్లు వెలేస్తారని ఒకరు, చావుతో ఆటలాడినవాణ్ని ఎలా నమ్ముతారని ఇంకొకరు. ఎన్ని తప్పులు చేసినోళ్లకు మనం ఓట్లెయ్యడం లేదని ఒకాయన అంటే, ఆ మాట నిజమే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. గిరిజమ్మ విస్తరి తీసి చేతులు కడుక్కునేదాకా ఆగింది. అప్పుడు అందరూ నోళ్లు మూశారు.

"కాళ్లు కడుగుతుంటెనే తెల్సింది," అంది. "చక్కిలిగిలికి వేళ్లు గట్ల ముడుసుకునేది ఈడొక్కడే. మా ఇంటాయన టీవీల గది చూసే నవ్వెటోడు. మరెందుకు ఊకున్ననంటే, ఎల్లమాస నాడు చేనుకొచ్చినోన్ని తినకముందు ఎళ్లగొట్టుడు లేదు." ఆమె రామ్‌కిషన్ వైపు తిరిగింది. "నువ్వు చేసింది పెద్ద తప్పు. మాఫీ అడిగినవు, సరే. కాని నీ పేరు మీద నేను తల మీద నీళ్లు పోసుకున్న. నా లెక్కల నువ్వు పోయినవు. పోయినోడు స్టేజీ ఎక్కుడేంది?"

"మరి నేనేం జేయాలె అమ్మా?" అన్నాడు రామ్‌కిషన్. అతని గొంతులో హాస్యం చుక్కయినా లేదు.

"మళ్ల పుట్టాలె," అంది గిరిజమ్మ. "పోయిండనుకుని కర్మ చేసినంక మనిషి తిరిగొస్తే, తొట్టెలల ఏసి పేరు వెడ్తరు. మా అమ్మగారి ఊర్ల నా చిన్నప్పుడు చూసిన. పెద్ద ఆర్టిస్టు లెక్క కాదు, పసిపిల్ల లెక్క మొదలువెట్టు. ఇష్టమున్నోళ్లు నవ్వుతరు, లేనోళ్లు లేదు."

బస్వరాజ్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. సంతాప సభ పెట్టిన చేత్తోనే బారసాల కూడా పెడితే, ఆ పాత వీడియోకు విరుగుడు దొరుకుతుందని అతనికి తట్టినట్టుంది. "అయితే తొట్టెల ఖర్చు సంఘానిది," అన్నాడు గంభీరంగా.

ఆ సాయంత్రం స్టేజీ మీద పూల తొట్టెల వేలాడింది. రామ్‌కిషన్ అందులో పట్టలేదు కనుక ఒక కాలు లోపల పెట్టించి, మిగతా మనిషిని బయట నిలబెట్టారు. తల్లిదండ్రులుగా కూర్చోడానికి ఎవరో ఉండాలి కదా అని గిరిజమ్మ కొడుకునూ కోడలినీ పీటల మీద కూర్చోబెట్టింది. బిడ్డ తండ్రి కంటే పదేళ్లు పెద్ద. ఆడవాళ్లు లాలిపాట అందుకున్నారు. గిరిజమ్మ అతని చెవిలో పాత పేరే ముమ్మారు చెప్పి, "ఈసారి నిజంగ పోయేటప్పుడు జర చెప్పి పో," అంది.

రామ్‌కిషన్ మైకు అందుకున్నాడు. "నేను మూడేండ్ల కింద చేసింది జోకు కాదు. మీరు నిజంగ ఏడ్సిన్రు, నేను అబద్ధం సచ్చిన. మాఫ్ చెయ్యున్రి," అన్నాడు. గిరీశ్ పీట మీదే కళ్లు మూసుకున్నాడు. "ఇగ నా వయసు పావుగంట," అన్నాడు రామ్‌కిషన్. "నవ్వకున్నా పరవలేదు. పసిపిల్లగాన్ని, ఏడ్పియ్యకున్రి చాలు."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గిరీశ్ కళ్లు తెరిచి చూస్తే ఆ నవ్వింది తన తల్లి. ఆ తర్వాత నవ్వని మనిషి లేడు. బస్వరాజ్‌కు మళ్లీ కన్నీళ్లొచ్చాయి, ఈసారి నవ్వి నవ్వి. వీడియో తీయమని తనే పక్కవాణ్ని పొడిచాడు.

ఇంటికి వస్తూ కారులో గిరీశ్ మెల్లగా తల్లి వైపు తిరిగాడు. ఆ మౌనం ఇంకా మొదలు కాలేదా, ఇప్పుడు మొదలవుతుందా అన్నది అతనికి ఇంకా తేలలేదు. "అమ్మా... నీకు చెప్పకుండ పిలిచిన."

"తెల్సు. నీ ముఖాన రాసే ఉన్నది పొద్దుగాల్నుంచి," అంది గిరిజమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ. "రేపటికి అనపకాయలు తీస్కరా. లేతయి చూసి తే. పోయినసారి ముదురుయి తెచ్చినవు, ఒక్కటి ఉడకలే."

తిట్టయినా అన్ని మాటలు ఒక్కసారిగా వినిపించేసరికి గిరీశ్‌కు ప్రాణం లేచొచ్చింది. వెనక సీట్లో స్నేహ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

మర్నాడు పొద్దున, కొత్త వీడియో చూసిన బీదర్ పెళ్లివారి నుంచి రామ్‌కిషన్‌కు రిసెప్షన్‌కు రమ్మని పిలుపొచ్చింది. గిరిజమ్మ రొట్టెలు మూట కట్టిచ్చింది, గిరీశ్ బస్సెక్కించాడు. పుట్టిన మర్నాడే పనికి బయల్దేరిన బిడ్డ జహీరాబాద్‌లో ఇప్పటికి అతనొక్కడే.